పదకొండో నంబరు జెర్సీ

జూన్ 4, సోంపేట

మామయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. ఇవాళ తోడు నేను. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చెయ్యి కదపకూడదు కాబట్టి ఫోను నేనే పట్టుకుని చూపించాలి. న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు జోనా లోము ఆట పెట్టాను. 1995 ప్రపంచకప్ సెమీఫైనల్, కేప్‌టౌన్, న్యూజిలాండ్ మీద ఇంగ్లండ్.

ఆట మొదలై రెండు మూడు నిమిషాలే. అందించిన బంతి లోము వెనక పడింది. తిరిగి అందుకున్నాడు. టోనీ అండర్‌వుడ్‌ని పక్కనుంచి దాటేశాడు. ఇంగ్లండ్ కెప్టెన్ కార్లింగ్ వెనకనుంచి కాళ్ళకి చెయ్యి తగిలించాడు. లోము తూలాడు, ఇక పడతాడనిపించింది. తూలుతూనే ఎదురొచ్చిన మైక్ కాట్‌ని తొక్కుకుంటూ పోయి గీత అవతల బంతి పెట్టాడు. దాన్నే ట్రై అంటారు.

"ఏటల్లుడూ, ఆ కిందపడినోడు లేచినాడా?"

లేచాడు. ఆ రోజు లోము మొత్తం నాలుగు ట్రైలు కొట్టాడు. స్కోరు 45-29. అతనికప్పుడు ఇరవయ్యేళ్ళు.

జూన్ 6

ఆరడుగుల అయిదంగుళాల మనిషి, బరువు నూట పద్దెనిమిది కిలోల పైమాటే. అంత ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్ళని రగ్బీలో స్క్రమ్‌లో తోయడానికి పెడతారు. బడిలో లోము ఆడిందీ అక్కడే. కోచ్ లారీ మెయిన్స్ అతన్ని తీసుకెళ్ళి మైదానం అంచున, సన్నటి పరుగువీరులు నిలబడే వింగ్‌లో, పదకొండో నంబరు జెర్సీతో పెట్టాడు. 1994 జూన్‌లో ఫ్రాన్స్ మీద మొదటి టెస్టు. వయసు 19 ఏళ్ళ 45 రోజులు. అంత చిన్నవయసులో ఆల్ బ్లాక్స్, అంటే న్యూజిలాండ్ జట్టు తరఫున అంతకుముందు ఎవరూ టెస్టు ఆడలేదు. ఆ సిరీస్‌లో రెండు టెస్టులూ ఓడిపోయారు. వింగ్‌లో ఎక్కడ నిలబడాలో కుర్రాడికి ఇంకా ఒంటబట్టలేదు. ఆ తర్వాత ఏడాదికే కేప్‌టౌన్.

తల్లిదండ్రులది టోంగా దీవులు. చిన్నప్పుడు కొన్నాళ్ళు అక్కడే పెరిగాడు, తర్వాత దక్షిణ ఆక్లండ్‌లోని మాంగెరే.

జూన్ 11

కేప్‌టౌన్‌లో ఆడేనాటికి రగ్బీ యూనియన్ ఇంకా జీతాల ఆట కాదు. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదన్నది శతాబ్దం నాటి నియమం. ఫైనల్‌కి ముందురోజు, 1995 జూన్ 23న, మర్డోక్ మీడియా కంపెనీతో దక్షిణార్ధగోళపు మూడు దేశాల బోర్డులు ఒప్పందం ప్రకటించాయి: పదేళ్ళకి 55.5 కోట్ల డాలర్లు. ఆగస్టు 26న పారిస్‌లో అంతర్జాతీయ బోర్డు ఆ పాత నియమాన్ని ఎత్తేసింది. టీవీవాళ్ళకి కావలసిన బొమ్మ అప్పటికే దొరికింది, లోము పరుగు. ఆ డబ్బులో అతనికి దక్కాల్సినంత దక్కలేదనే నేను నమ్ముతాను.

జూన్ 13

కేప్‌టౌన్ తర్వాత కొద్దికాలానికే లోముకి జబ్బు బయటపడింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీలోంచి ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతుంది, ఒళ్ళు నీరు పడుతుంది. సోంపేట చుట్టూ ఉన్న మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు వేరు. ఇక్కడ కొబ్బరితోటల మధ్య ఊళ్ళకి ఊళ్ళే మంచాన పడుతున్నా అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

జబ్బు తెలిశాకే 1998 కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ రగ్బీ స్వర్ణం. 1999 ప్రపంచకప్‌లో ఎనిమిది ట్రైలు. మొత్తం 63 టెస్టులు, 37 ట్రైలు. దక్షిణాఫ్రికా మీద మాత్రం ఒక్కటీ లేదు. "ఆరోగ్యంగా ఉండి ఉంటే ఇంకెంత ఆడేవాడో" అని రాసేవాళ్ళంటే నాకు కోపం. ఆడినదంతా ఆ ఒంటితోనే. దాన్నే చూడండి.

జూన్ 20

మామయ్య ఇవాళ ఒంట్లో మూడు కిలోల అదనపు నీటితో వచ్చాడు. టెక్నీషియన్ అమ్మాయి కోప్పడింది. "ఎండల్లో గొంతు తడుపుకోకపోతే ఎలగమ్మా" అన్నాడు. చివరి గంటలో పిక్కలు పట్టేశాయి. అరికాలు నా గుండెకి ఆనించుకుని గట్టిగా తోశాను.

2003లో లోముకీ వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. కాళ్ళలో నరాలు దెబ్బతిన్నాయి. కిడ్నీ మార్చకపోతే చక్రాల కుర్చీయే గతి అన్నారు డాక్టర్లు. కేప్‌టౌన్‌లో పరిగెత్తిన కాళ్ళు అవే.

జూన్ 25

2004 జూలైలో మార్పిడి. కిడ్నీ ఇచ్చింది గ్రాంట్ కెరియామా అనే వెల్లింగ్టన్ రేడియో వ్యాఖ్యాత.

"తమ్ముడా?"

"కాదు మామయ్యా, స్నేహితుడు."

"మనకాడ స్నేహితుడు ఇస్తే ఒప్పుకుంటారేటి?"

మన 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులైతే దారి సులువు. బయటివాళ్ళయితే అధికార కమిటీ ముందు కూర్చుని, ఇందులో డబ్బు ప్రమేయం లేదని ఒప్పించాలి. కిడ్నీల అమ్మకాలు చూసిన దేశంలో అంత గట్టి నియమం ఉండాల్సిందే. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం బయట వరండాలో కూర్చుని అంతా వింది.

జూలై 2

మార్పిడి తర్వాత ఏడాది తిరగకుండానే ట్వికెన్‌హామ్‌లో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడి ట్రై కొట్టాడు, భుజం దెబ్బతింది. 2005 డిసెంబర్‌లో వేల్స్ క్లబ్బు కార్డిఫ్ బ్లూస్ తరఫున ఇటలీలో, కాల్విజానో జట్టు మీద, గంటసేపు మైదానంలో ఉన్నాడు. వేగం తగ్గిపోయింది. ఆ చలికాలం వెల్ష్ క్లబ్బుల మధ్య ఆడి ఒక ట్రై కొట్టాడు, వసంతంలో చీలమండ విరిగింది. జాతీయ జట్టులోకి మళ్ళీ రాలేదు.

లోము అంటే అందరూ కాట్‌ని తొక్కిన ట్రైనే చూపిస్తారు. నాకైతే కాల్విజానో గంట అంతకన్నా పెద్దది. ఇంకొకరి కిడ్నీ కడుపులో పెట్టుకుని, ఎదుటివాడు భుజంతో గుద్దే ఆటలోకి జీతగాడిగా తిరిగి వెళ్ళాడు. కేప్‌టౌన్‌లో అతని ఒళ్ళు అతని మాట వింది. ఇక్కడ వినని ఒంటిని గంటసేపు ఒప్పించాడు.

జూలై 9

మామయ్య అడిగేశాడు, "ఇప్పుడెలా ఉన్నాడు?"

దాచలేదు. ఆ కిడ్నీ 2011లో పనిచేయడం మానేసింది. మళ్ళీ డయాలసిస్. 2015లో ఇంగ్లండ్‌లో ప్రపంచకప్ కార్యక్రమాలకి తిరిగి, దుబాయ్ మీదుగా ఇంటికి చేరిన వెంటనే, నవంబర్ 18న ఆక్లండ్‌లో పోయాడు. నలభై ఏళ్ళు.

"ఏడేళ్ళు పనిచేసిందన్నమాట" అన్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. చిన్నదాని ఇంజినీరింగు, పెళ్ళి.

అత్తయ్య బ్లడ్‌గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలకి సోమవారం విశాఖ వెళ్ళాలి. పొద్దున్న బండికి టికెట్లు తీశాను.