కొల్లేటి పక్షులు

సంక్రాంతి సెలవులకి ముందు మా విద్యార్థుల్ని ఆటపాక తీసుకెళ్లాను. పడవ కదలగానే, ఇనుప స్టాండ్లమీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని చూసి అందరూ ఒక్కసారే కేకలు! "అరవకండి బాబూ, గూళ్లలో పిల్లలున్నాయి" అన్నాడు పడవవాడు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం మా కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. వాటిలో మాదీ ఒకటి. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ పక్షిని చూస్తే పగవాణ్ణి చూసినట్టే ఉండేది నాకు.

ఈ సంగతి పడవలో చెప్పాను. "మేష్టారూ, మరి ఆ గట్లుంటే వరదనీరు ఎటు పోయేదండీ?" అని అడిగిందొక అమ్మాయి.

ఎటు పోతుంది? ఎగువ రైతుల చేలల్లోనే నిలిచేది. నాన్న ఆ సంగతి ఎరుగును. ఎన్నడూ పైకి అనలేదు. నేనూ అనలేదు, ఆవేళ దాకా.

తిరిగొస్తూ పిల్లలు పక్షుల్ని లెక్కపెడుతుంటే, నేనూ లెక్కపెట్టాను.