తడ నుంచి చూస్తే నవోదయ

నెల్లూరు జిల్లా నవోదయ విద్యాలయం మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉంది. అది ఎలాంటి బడో తెలుసుకోవాలని బయల్దేరిన నేను కృష్ణాపురం వెళ్లకుండా తడలో రైలు దిగాను. ఏరి తెచ్చుకున్న పిల్లల మధ్య నిలబడి ఈ బడి మంచిదేనా అని అడిగితే, జవాబు అడగకముందే తెలిసిపోతుంది. ఏటా సీబీఎస్‌ఈ పది, పన్నెండు తరగతుల ఫలితాల్లో నవోదయాలు ముందు వరసలో ఉంటాయి. జిల్లా అంతా జల్లెడ పట్టి ఎనభై మందిని తీసుకున్న బడికి మంచి ఫలితాలు రావడంలో వింతేముంది? ఆ పిల్లలు ఏ ఇళ్ల నుంచి వెళ్లారు, వాళ్లతో కలిసి పరీక్ష రాసి సీటు రానివాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అన్నది చూస్తేనే బడి చేసిన పని ఎంతో తేలుతుంది.

కృష్ణాపురం పాత నెల్లూరు జిల్లాకు పడమటి అంచు. తడ దక్షిణపు కొస. మధ్య దూరం నూట యాభై కిలోమీటర్ల పైమాటే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తడ తిరుపతి జిల్లాలో కలిసింది. అయినా కొత్త జిల్లాలో నవోదయ తెరిచేదాకా పాత హద్దులే లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇక్కడి పిల్లల చూపు కృష్ణాపురం మీదే. ఇంకొక సంగతి కూడా నన్ను తడకు లాక్కొచ్చింది. హైవే మీద కాస్త దక్షిణానికి వెళితే ఆరంబాక్కం, అంటే తమిళనాడు. దేశంలో ఆరువందల యాభైకి పైగా నవోదయలున్నా తమిళనాడులో ఇప్పటివరకు ఒక్కటీ లేదు. మూడు భాషల విధానం దగ్గర ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు. పులికాట్ సరస్సు రెండు రాష్ట్రాలదీ. రెండు ఒడ్డుల మీదా అవే వలలు, అవే రొయ్యలు, చుట్టరికాలు కూడా అవే. ఐదో తరగతి పిల్లకు ఒక ఒడ్డున ఉన్న దారి మరో ఒడ్డున లేదు.

నవంబరు వానలు. స్టేషన్ నుంచి సరస్సు వైపు వెళ్లే రోడ్డు మీద గుంతల నిండా నీళ్లు. శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సులు ఆడపిల్లల్ని షిఫ్టుకు ఎక్కించుకుని ఎదురొస్తున్నాయి. నేను వెళ్లిన, సరస్సు ఒడ్డునున్న పల్లె పేరు రాయను, బడి చిన్నది, పిల్లల్ని ఇట్టే గుర్తుపట్టేస్తారు. నేను వెళ్లేసరికి మాస్టారు పాత దినపత్రిక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెన్ను మొనతో మూల దగ్గర చిల్లు పొడిచి, "విప్పితే ఎన్ని చిల్లులు, యాడెయాడ?" అని అడుగుతున్నారు. నవోదయ ప్రవేశ పరీక్షలో ఇదొక రకం ప్రశ్న. రెండు గంటల్లో ఎనభై ప్రశ్నలు, వంద మార్కులు. అందులో సగం, అంటే నలభై ప్రశ్నలు యాభై మార్కులు, మేధాశక్తికి. అద్దంలో బొమ్మ, తప్పిపోయిన ముక్క, నాలుగింటిలో వేరుగా ఉన్నది, ఇలాంటివి. మిగతా సగం లెక్కలకూ భాషకూ. తెలుగులోనే రాయొచ్చు. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు.

మడతల ప్రశ్నకు అందరికన్నా ముందు జవాబు చెప్పింది కిటికీ పక్కన కూర్చున్న యానాదుల పాప. కాగితం విప్పకముందే పలక మీద నాలుగు చిల్లులూ సరిగ్గా వాటి చోట్లలో గుర్తుపెట్టింది. తర్వాత భాగహారం లెక్క ఇస్తే శేషం దగ్గర ఆగిపోయింది. మూడో తరగతిలో చాలా నెలలు బడికి రాలేదట. అమ్మానాన్నలు రొయ్యల గుంటల కాపలాకు పోతే వాళ్లతో పోయింది. "బుర్ర ఉండాది సార్. లెక్కల్లోనే పోతాది," అన్నారు మాస్టారు. ఇలాంటి పిల్లల కోసమే ఎస్టీలకు సీట్లు కేటాయించారు. బడి చదువు అందని పిల్లల తెలివి కూడా బయటపడాలనే మేధాశక్తి ప్రశ్నలు పెట్టారు. అయినా తక్కిన యాభై మార్కులకు బడికి వెళ్లి ఉండాలి. పైగా ఆ బొమ్మల ప్రశ్నలు సాధనకు తొందరగా లొంగుతాయి. పట్నంలో కోచింగ్ సెంటర్‌కు వెళ్లే పిల్లవాడు అలాంటివి వందల కొద్దీ చేసి వస్తాడు. డెబ్బై అయిదు శాతం సీట్లు గ్రామీణులవేనన్న నియమం ఉంది, మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివి ఉండాలన్న షరతూ ఉంది. అది మంచి నియమం. కానీ పల్లెకూ పల్లెకూ మధ్య కూడా చాలా దూరం ఉంటుంది. హైవే పక్క పల్లె వేరు, పడవ దిగి రావాల్సిన పల్లె వేరు.

మధ్యాహ్నం మాస్టారు నన్ను ఒక ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఇంటి పిల్ల ఇప్పుడు కృష్ణాపురంలో ఎనిమిదో తరగతి. తండ్రి వల బాగుచేసుకుంటూ మాట్లాడాడు. ఇంట్లో తమిళం మాట్లాడుకుంటారు. పిల్ల బడికొచ్చాక తెలుగు చదివింది, ఇప్పుడు ఇంగ్లీషులో లెక్కలు, పక్కన హిందీ. చూడ్డానికి వెళ్లాలంటే తెల్లవారుజామున రైలెక్కి నెల్లూరు, అక్కడి నుంచి ఆత్మకూరు మీదుగా బస్సు. రాత్రికిగానీ ఇల్లు చేరడు, ఆ రోజు వేట ఉండదు. "అయినా పోతా సార్. సెలవలకొస్తే యాపారి రాసిచ్చిన చీటీ తీసుకుని కూకుంటాది. తూకమెంత, రేటెంత, పట్టుకున్నదెంత అని అడుగుతాది. ఈ ఏడు రెండుసార్లు తప్పు పట్టింది. ఆ యాపారి ఇప్పుడు చీటీ తిన్నంగా రాస్తా ఉండాడు."

నాకు కనిపించిన మొదటి ఫలితం ఇదే. ఏ ఫలితాల పట్టికలోనూ ఇది రాదు.

తల్లికి మాత్రం ఒక బెంగ ఉంది. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో ముప్పై శాతం మంది ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు వెళతారు. ఇక్కడివాళ్లకైతే అది హిందీ రాష్ట్రమే. "అంత దూరమా అయివోరా," అని ఆ ఇంటి ముసలమ్మ కూడా అడిగింది. మాస్టారు బలవంతం చేయలేదు, పోయిన ఏడు వెళ్లొచ్చిన పిల్లల సంగతి చెప్పి ఊరుకున్నారు.

రెండిళ్ల అవతల ఆ పిల్ల పినతండ్రి కొడుకు. ఇద్దరూ ఒకే ఏడాది ఒకే గదిలో పరీక్ష రాశారు. వీడికి సీటు రాలేదు. జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళుతున్నాడు. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతనం పరీక్షకు చదువుతున్నాడు, వస్తే ఏడాదికి 12,000 రూపాయలు. పుస్తకం ఇప్పించి చూశాను. లెక్కలు శుభ్రంగా చేస్తున్నాడు. సైన్సు ప్రయోగాల గురించి అడిగితే పుస్తకంలో బొమ్మ చూపించాడు. సాయంత్రం చదువుకోవడానికి చోటెక్కడ అంటే తల్లి నవ్వి, ఎండబెట్టిన వలల గుట్ట వైపు చూసింది.

ఒకేసారి పరీక్ష రాసిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం కొత్త పద్ధతేమీ కాదు. అమెరికాలో అబ్దుల్‌కదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, న్యూయార్క్‌లలో పరీక్ష పెట్టి చేర్చుకునే బడుల మీద చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. సీటు గీతకు కాస్త పైన ఉండి చేరినవాళ్లను, కాస్త కింద ఉండి చేరలేకపోయినవాళ్లను పోల్చారు. తర్వాతి పరీక్షల్లో ఇద్దరి మధ్యా పెద్దగా తేడా కనిపించలేదు. తెలివైన పిల్లల మధ్య కూర్చోవడం దానంతటదే ఎవరినీ పైకి తీసుకెళ్లలేదు.

అక్కడి అధ్యయనం తెచ్చి పులికాట్ ఒడ్డున పరిస్తే సరిపోదు. బోస్టన్‌లో సీటు రాని పిల్ల ఇంటికి వెళ్లి తన గదిలో చదువుకుంటుంది. ఈ అబ్బాయికి ఆ గది లేదు. వరసకు అన్నాచెల్లెళ్లయిన ఈ ఇద్దరి మధ్య నేను చూసిన తేడా పక్కన కూర్చున్న పిల్లల వల్ల వచ్చింది కాదు. మూడు పూటలా తిండి, మంచం, దీపం, గ్రంథాలయం, ప్రయోగశాల, సబ్జెక్టుకో మాస్టారు, వాళ్లు రాత్రి కూడా అదే ఆవరణలో ఉండటం, వీటి వల్ల వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా ఒక్క రూపాయి తీసుకోరు. తర్వాత కూడా ఆడపిల్లలకు రుసుము లేదు. నవోదయ నిజంగా మంచి బడి, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ మంచితనం వడపోతలో లేదు, వసతిలో ఉంది. వడపోత సీట్లు తక్కువై పెట్టుకున్నది.

మన వైపు ఈ ఆలోచన మొదలైంది కూడా వసతి దగ్గరే. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. అదే మనిషి 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రి అయ్యారు, 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయలు దేశమంతటికీ వెళ్లాయి. జిల్లాకు ఒకటి అన్న లెక్క అప్పటిది. ఇప్పటికీ దాదాపు అదే లెక్క, జిల్లాలు ముక్కలైనా.

తిరిగొచ్చేముందు మాస్టారు ఒక నోటుబుక్ చూపించారు. తన దగ్గర ఐదో తరగతి చదివి నవోదయకు రాసిన ప్రతి పిల్లా అందులో ఉంది. సీటు వచ్చిందా లేదా అన్నది ఒక గడిలో. ఆ పక్క గడులు అసలైనవి: ఏడులో ఎక్కడ, పదిలో ఎక్కడ, ఇప్పుడు ఏం పని. సీటు రానివాళ్లలో ఒకమ్మాయి నర్సింగ్ చదువుతోంది. ఇద్దరు అబ్బాయిలు బడి మానేసి పడవెక్కారు, వాళ్ల పేర్ల పక్కన మాస్టారు తేదీ వేసి, ఇంటికి ఎన్నిసార్లు వెళ్లి అడిగారో రాసుకున్నారు. ఈ పుస్తకం ఆయన్ని ఎవరూ పెట్టమనలేదు. ప్రతి మండల విద్యాధికారి దగ్గర ఇలాంటి పుస్తకం ఒకటి ఉండి, ఏటా కృష్ణాపురం ఫలితాలతో పాటు అచ్చయితే, ఆ బడి గురించి నాలాంటివాళ్లు తడ దాకా వచ్చి అడగాల్సిన పని ఉండదు.

ఈ ఏడాది పేజీలో యానాదుల పాప పేరు అప్పటికే ఎక్కింది. సాయంత్రం బడి వదిలాక ఆమెకు భాగహారం వేరుగా చెబుతున్నారు, పరీక్షకు ఇంకా వారాలే ఉన్నాయి.