చేపల తొట్టి ముందు, తుపాకుల కౌంటరు ముందు

ఇండియా నుండి ఎవరి తల్లిదండ్రులు వచ్చినా మా డల్లాసు ప్రాంతపు తెలుగు కుటుంబాలవారు తప్పక తీసుకువెళ్ళి చూపించే స్థలాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని సంగతి చెబితే మీకు నవ్వు వస్తుంది. అది వేట సామాన్లు, చేపలు పట్టే సామాన్లు అమ్మే దుకాణం. గ్రేప్‌వైన్ అనే ఊళ్ళో బాస్ ప్రో షాప్స్ వారిది ఒకటి, అలెన్ అనే ఊళ్ళో కబెలాస్ వారిది మరొకటి. టిక్కెట్టు లేదు. జూలై ఎండలో బయట తిరగనక్కరలేదు. ఏమీ కొనకుండా రెండు గంటలు తిరిగి వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. మేము పరిచర్య నిమిత్తం ఈ దేశం వచ్చి ఆరేళ్ళు దాటింది. ఈ దుకాణాలకు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు గాని, మేము కొన్న సామానంతా రెండు సంచుల్లో పడుతుంది.

తలుపు దాటగానే పెద్ద పెద్ద దూలాలు, రాతి పొయ్యి, గోడల నిండా కొమ్ముల తలలు కనబడతాయి. మధ్యలో కొండలాంటిది కట్టి దాని మీద ఎలుగుబంట్లను, దుప్పులను, కొండగొర్రెలను ప్రాణం ఉన్నట్టే నిలబెట్టి ఉంచుతారు. అవి బొమ్మలు కావు. నిజమైన జంతువుల చర్మాలను లోపల అచ్చు పెట్టి కుట్టినవి. మొదటిసారి వచ్చిన పసిపిల్లలు ఎలుగుబంటిని చూసి తల్లి వెనక్కి నక్కుతారు. ఆ పక్కనే గోడంత గాజు తొట్టి. అందులోవి మాత్రం బ్రతికున్న చేపలే. మన పెద్దలు ఆ తొట్టి ముందు నిలబడి మొట్టమొదట అడిగే మాట ఒక్కటే: "ఇది పులుసుకు బాగుంటుందా, బాబూ?"

ఇంత వ్యాపారం ఎలా మొదలయ్యిందో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. 1961లో నెబ్రాస్కా రాష్ట్రంలో చాపెల్ అనే చిన్న ఊళ్ళో డిక్ కబెలా అనే ఆయన, చేపలకు ఎరగా వాడే ఈక పురుగులు కొన్ని కొనుక్కొచ్చారు. గాలానికి ఈకలు, దారం చుట్టి ఈగలాగా కనబడేటట్టు చేస్తారు వాటిని. 12 పురుగులు ఒక డాలరని పత్రికలో ప్రకటన ఇస్తే ఒకే ఒక్క ఉత్తరం వచ్చిందట. అప్పుడాయన మాట మార్చి, 5 పురుగులు ఉచితం, తపాలా ఖర్చుకు 25 సెంట్లు పంపండి చాలు అని వేశారు. ఇక ఉత్తరాలు ఆగలేదు. "ఉచితం" అన్న మాటకు ఏ దేశంలోనైనా ఒకటే బలం ఉన్నట్టుంది! బాస్ ప్రో సంగతి వేరు. 1972లో మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జానీ మోరిస్ అనే యువకుడు తండ్రిగారి మద్యం దుకాణంలో వెనక భాగాన 8 చదరపు అడుగుల చోట గాలాలు, ఎరలు అమ్మడం ప్రారంభించారు. 2015లో మెంఫిస్ నగరంలో 321 అడుగుల ఎత్తున్న పిరమిడ్డు భవనంలోనే వారి దుకాణం తెరిచారంటే ఎంత పెరిగిందో మీరే ఊహించుకోవచ్చు. 2017లో బాస్ ప్రో వారు కబెలాస్‌ను కొనేశారు. కబెలాస్ కేంద్ర కార్యాలయం ఉన్న సిడ్నీ అనే ఊరు చిన్నది. ఆ కొనుగోలు తరువాత అక్కడ ఎన్నో ఇళ్ళలో ఉద్యోగాలు పోయాయి. దుకాణంలో తిరిగేటప్పుడు అది మనకు కనబడదు.

మోరిస్ గాలాలు అమ్మడం మొదలుపెట్టిన ఆ 1972లోనే మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మేము పుట్టి పెరిగింది కొల్లేటి ఒడ్డున. మా తాతల కాలంలో శీతాకాలం వస్తే పరజ పిట్టల కూర వండని ఇల్లు ఉండేది కాదని చెప్పేవారు. మాకు ఊహ వచ్చేసరికి అది చెప్పుకోవడానికే మిగిలింది. చేపల వేట మాత్రం ఉండేది, ఇప్పటికీ ఉంది. కాని అక్కడ వేట అంటే పొట్టకూడు. వల వేసేవాడు, బుట్ట పెట్టేవాడు ఊళ్ళో పేదవాడు. ఇక్కడ వేట అంటే ఖర్చు. పడవ, పడవను లాగే బండి, నీళ్ళ అడుగున చేప ఎక్కడుందో తెర మీద చూపించే యంత్రం, అన్నీ వరుసగా పేర్చి ఉంటాయి. ఇంత చేసి పట్టిన చేపను కొలిచి, ఫొటో తీసుకుని, తిరిగి నీళ్ళలో వదిలేసేవారు బోలెడుమంది. మా సంఘ సహోదరుని తండ్రిగారు లంక గ్రామం నుండి వచ్చారు. చేపలు పట్టేటప్పుడు తొడుక్కోవడానికని అమ్మే చొక్కాల ముందు ఆగి, ధర చూసి ఇలా అన్నారు: "మా దగ్గర వల వేసేవాడికి ఒంటి మీద చొక్కా ఉండదండీ అయ్యగారూ. వీళ్ళు చేపకు కనబడటానికి చొక్కా కొంటారా?" ఆయన నవ్వించడానికి అన్నమాట కాదు అది.

మాకు ఆ దుకాణాల్లో అన్నిటికంటె నచ్చేది లైసెన్సుల కౌంటరు. టెక్సాసులో 17 ఏళ్ళు నిండినవారు గాలం వేయాలంటే సాధారణంగా లైసెన్సు ఉండాలి. ఈ రాష్ట్రంలో కాపురముండేవారికి మంచినీటి చేపల లైసెన్సు 30 డాలర్లు. దానితోపాటు నిబంధనలు చదువుకోవాలి. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప, మామూలు చెరువుల్లో 14 అంగుళాలకు తగ్గితే ఇంటికి తేకూడదు. తెచ్చినా రోజుకు 5 మించకూడదు. కొన్ని చెరువులకు వేరే లెక్కలు. అందుకే గాలంతోపాటు కొలబద్ద కూడా కొనాలి. మేము మొదటిసారి గాలపు కర్ర, రీలు కొన్న రోజు, కౌంటరులోని పెద్దావిడ తన చెయ్యి చాచి, "ఇక్కడి నుండి ఇక్కడికి, అంతకంటె చిన్నదైతే వదిలెయ్యండి" అని వేళ్ళతో చూపించింది. మా శ్రీమతి ఆ కొలతను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక పన్ను సంగతి. 1937లో చేసిన చట్టం ప్రకారం పొడవు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ళ మీద 10 శాతం వసూలు చేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది. చేపల సామాన్లకు అలాంటి చట్టమే 1950లో వచ్చింది. చాలా సామాన్ల మీద అది 10 శాతం. ఈ పన్ను తయారీ దగ్గరే ధరలో కలిసిపోతుంది గనుక బిల్లులో కనబడదు. వేటాడేవాడి డబ్బుతోనే వేట జంతువును కాపాడటం మనకు విడ్డూరంగా తోస్తుంది గాని, ఆ డబ్బుతో ఎన్నో చోట్ల జంతువులు తిరిగి పెరిగిన మాట వాస్తవం. ఇది మన ప్రాంతాల వారు కూడా ఆలోచించదగిన పద్ధతి అని మా అభిప్రాయం.

కొరమీను గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాము, ఎందుకంటే ప్రతివారూ అడుగుతారు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన మన కొరమీను ఆ గాజు తొట్టిలో ఉండదు. ఆ జాతి చేపలను ఇక్కడ స్నేక్‌హెడ్ అంటారు. మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక చెరువులో అవి పిల్లలు పెట్టి కనబడిన 2002లోనే, బ్రతికున్న స్నేక్‌హెడ్లను దేశంలోకి తేవడాన్ని, ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి తరలించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. చుట్టాలొస్తే మనం ఏరి కోరి వండే చేప, ఇక్కడ చెరువును పాడుచేసే చేప.

క్రిస్మసు ముందు ఈ దుకాణాలు కిటకిటలాడతాయి. శాంతాక్లాజు పక్కన పిల్లలకు ఒక ఫొటో ఉచితంగా తీసి ఇస్తారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ ఫొటోతోపాటు మిఠాయి డబ్బా, దుప్పి బొమ్మ ఉన్న కంబళి కూడా వస్తాయన్నది వేరే సంగతి.

ఇన్ని చెప్పాము గాని, ఒక కౌంటరు సంగతి దాటవేస్తూ వచ్చాము. అది తుపాకుల కౌంటరు. దుకాణం వెనక వైపు, గోడ పొడవునా, కంసాలి దుకాణంలో గొలుసులు వేలాడదీసినట్టు వరుసగా నిలబెట్టి ఉంటాయి. మన వారు చాలామంది దూరం నుండి చూసి పక్కకు తప్పుకుంటారు. క్రిందటి సంవత్సరం మేము అక్కడ ముప్పావు గంట నిలబడవలసి వచ్చింది.

మా సంఘంలో ఒక యువ దంపతులు ఉన్నారు. ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి 7, చిన్నదానికి 4. వారు ఒక పెళ్ళికి వెళ్ళిన రాత్రి ఇంట్లో దొంగలు పడ్డారు. మన వారి ఇళ్ళల్లో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు. ఆమె పుట్టింటివారు పెట్టిన గాజులు, అత్తగారి గొలుసు పోయాయి. ఆ రోజు నుండి అతనికి నిద్ర లేదు. రాత్రి రెండుసార్లు లేచి తలుపులు చూసి వచ్చేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత, "అయ్యగారూ, ఒక తుపాకి కొందామనుకుంటున్నాను. మీరు కూడా వస్తారా?" అని అడిగాడు. పాస్టరు వచ్చి నిలబడితే భార్య కాదనదని అతని ఆలోచన అని మాకు అర్థమయింది. అయినా వెళ్ళాము. మా శ్రీమతి పిల్లలిద్దరినీ చేపల తొట్టి దగ్గరికి తీసుకుపోయింది.

కౌంటరులోని మనిషికి అరవై ఏళ్ళుంటాయి. సరుకు అంటగట్టాలన్న తొందర ఏమీ లేదు. "ఎందుకు కావాలి?" అని అడిగాడు. ఇల్లు కాపాడుకోవడానికి అంటే తల ఊపి, "మీరు పౌరులా?" అన్నాడు. సహోదరుడు పని వీసా మీద ఉన్నాడు. అప్పుడాయన నింపవలసిన ఫారం చూపించి వివరించాడు: తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి తుపాకి అమ్మకూడదు, చట్టంలో చెప్పిన కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. ఆ మినహాయింపులలో ఒకటి వేట లైసెన్సు. జీవితంలో పిచ్చుకను కూడా కొట్టని మనిషి, ఇల్లు కాపాడుకోవడానికి తుపాకి కొనాలంటే ముందు వేటగాడు కావాలి! టెక్సాసులో వేట లైసెన్సుతో వేటకు వెళ్ళాలంటే 1971 సెప్టెంబరు 2న గాని తరువాత గాని పుట్టినవారు వేట భద్రత కోర్సు కూడా చదవాలి. ఆ లైసెన్సు అమ్మేది అదే దుకాణంలో, మాకు గాలపు లైసెన్సు ఇచ్చినచోటే.

తరువాత ఆయన, "ఇంట్లో ఇంకెవరెవరున్నారు?" అని అడిగాడు. పిల్లల వయసులు చెప్పగానే తూటాల సంగతి పక్కన పెట్టి ఇనుప పెట్టెల వైపు చెయ్యి చూపించాడు. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి తుపాకి అందేటట్టు వదిలేయడం ఈ రాష్ట్రంలో నేరం. పరుపు కింద, బీరువా పైన దాచానంటే చాలదన్నాడు. "నాలుగేళ్ళ పాపకు మీ బీరువాలో తెలియని మూల ఉండదు సార్" అన్న మాట మాకింకా చెవిలో ఉంది.

అంతసేపూ మాట్లాడని సహోదరి అప్పుడు నోరు విప్పింది. "ఏవండీ, దొంగలు వచ్చింది మనం ఇంట్లో లేనప్పుడు గదా. తుపాకి ఉండి ఉంటే గాజులతోపాటు దాన్ని కూడా పట్టుకుపోయేవారు."

అతడు కొంతసేపు ఊరుకున్నాడు. "ఈసారి మనం ఉన్నప్పుడు వస్తే?"

ఆమె దగ్గర జవాబు లేదు. కౌంటరులోని పెద్దాయన గాజు బల్ల తుడుచుకుంటూ ఉన్నాడు. ఇద్దరూ మా వైపు చూశారు. మేము మా మనసులో ఉన్నది చెప్పాము. మా ఇంట్లో తుపాకి లేదు, కొనే ఉద్దేశం లేదు. నాలుగేళ్ళ బిడ్డ తిరిగే ఇంట్లో దాన్ని పెట్టమని మేము చెప్పము. కాని రాత్రి తలుపులు చూసుకునేది మేము కాదు గనుక, భయపడవద్దని సులువుగా చెప్పడం కూడా మాకు ఇష్టం లేదు. "మిగిలిన బంగారం బ్యాంకు లాకరులో పెట్టండి తమ్ముడూ. తలుపుకు అలారం పెట్టించండి. తుపాకి మాట దాని తరువాత మీరిద్దరూ కలిసి తేల్చుకోండి, ఒక్కరే కాదు" అన్నాము. అతనికి ఆ జవాబు నచ్చలేదు. మొహంలో తెలిసిపోయింది. దారిలో కారులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. వెనక సీట్లో పిల్లలు మాత్రం గాజు తొట్టిలో చూసిన క్యాట్‌ఫిష్ మీసాల గురించి ఊరికే వాదించుకున్నారు.

లాకరు తీసుకున్నారు. అలారం కూడా పెట్టించారు. అది మేము వెళ్ళిన ప్రతిసారీ కూత పెడుతుంది, ఆమె పరుగెత్తుకొచ్చి ఆపుతుంది. అతడు చలికాలంలో ఆ వేట కోర్సు కూర్చుని పూర్తి చేశాడు, మంచి మార్కులతో పాసయ్యాడు. మొన్న ఏప్రిల్‌లో రెండు కుటుంబాలమూ కలిసి పార్కు చెరువుకు వెళ్ళినప్పుడు పెద్దవాడి గాలానికి క్యాట్‌ఫిష్ పడింది. వదిలేద్దామని తండ్రి అంటే తల్లి ఒప్పుకోలేదు. చింతపండు, పచ్చిమిర్చి వేసి పులుసు పెట్టింది. మట్టి వాసన కొంచెం ఉన్నా బాగుంది. వాళ్ళ వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు కోర్సు సర్టిఫికెట్టు అంటించి ఉంది. వేట లైసెన్సుకు అతడు ఇంకా వెళ్ళలేదని ఆమె గిన్నెలు కడుగుతూ మా శ్రీమతితో చెప్పిందట. సర్టిఫికెట్టును మాత్రం అక్కడి నుండి తీయనివ్వడం లేదట.