ఆదివారం కొన్న పుస్తకం

ఆదివారం అబిడ్స్ వెళితే చాలా దుకాణాలకి షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు గుట్టలు పోస్తారు. ఇంటర్ గైడ్ల పక్కన షేక్‌స్పియర్, వంటల పుస్తకం మీద కంప్యూటర్ పుస్తకం. హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లలో అక్కడ ఒక్క పుస్తకమైనా బేరమాడనివాళ్లు తక్కువ. మా ఇంట్లో మాత్రం ఎవరం ఆ పని చేసేవాళ్లం కాదు. డబ్బుల్లేక కాదు. ఆ బజారు పెట్టేది ఆదివారం కాబట్టి.

మాది కట్టుబాట్లు ఎక్కువ ఉన్న ఓ చిన్న క్రైస్తవ సంఘం. నాంపల్లిలో ఓ అద్దె హాల్లో ఆదివారం కూటం జరిగేది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే ఒంటిగంట దాటాకే లేచేది. ఆదివారం ప్రభువు దినం. ఆ రోజు కొనకూడదు, అమ్మకూడదు. కరివేపాకు కూడా అమ్మ శనివారమే తెచ్చి తడిబట్టలో చుట్టి పెట్టేది. సినిమా లేదు, టీవీ లేదు, ఆడపిల్లలకి పూలూ నగలూ లేవు. ఏటా జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ మొదలైతే మా క్లాసు పిల్లలంతా లోపలికి వెళ్లేవారు. నేనూ తమ్ముడూ గోడ బయట నిలబడి జెయింట్ వీల్ తిరగడం చూసేవాళ్లం.

బాధగా ఉండేదా అంటే, ఉండేది కాదు. నాన్నకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మా పొయ్యి వెలగలేదు. సంఘంలోని ఇళ్ల నుంచి రోజూ వంతులవారీగా క్యారేజీలు వచ్చాయి. నా ఫీజు కట్టాల్సినప్పుడు ఎవరు కట్టారో ఇప్పటికీ మాకు తెలియదు. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఆ తలుపు మూసుకున్నప్పుడు మా తమ్ముడు ఏం పోగొట్టుకున్నాడో మీకు సగమే అర్థమవుతుంది.

తమ్ముడు నాకంటే మూడేళ్లు చిన్న. కూటం అయ్యాక మేం నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కేవాళ్లం. నాన్న ముందు, అమ్మ వెనక, ఆ వెనక మేమిద్దరం. పుస్తకాల గుట్టలు రాగానే వాడి నడక మెల్లబడేది. ‘‘చూస్తే పాపం లేదు కదక్కా’’ అనేవాడు. చూడ్డంతో మొదలైంది ఓ రోజు కొనడం దాకా వచ్చింది. పదిహేను రూపాయలు. చొక్కా లోపల పెట్టుకుని బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. నాకు తెలుసు. చెప్పలేదు.

చెప్పింది తర్వాత, 2004లో. వాడికప్పుడు ఇరవై రెండేళ్లు. ఓ రోజు మంచం కింద ఊడుస్తుంటే వాడి ట్రంకుపెట్టె తెరిచి ఉంది. కాలేజీ పుస్తకాల అడుగున, న్యూస్‌పేపర్ అట్ట వేసిన ఓ ఇంగ్లిషు నవల. పేరు ‘మారిస్’. రాసింది ఇ.ఎం.ఫోర్‌స్టర్. నాలుగు పేజీలు అటూ ఇటూ తిప్పాను. ఒక మగపిల్లవాడు ఇంకో మగపిల్లవాణ్ని ప్రేమించిన కథ. కొన్నిచోట్ల పెన్సిల్ గీతలు ఉన్నాయి. నా చేతులు వణికాయి. తీసుకెళ్లి నాన్నకిచ్చాను.

మంచి చేస్తున్నాననే అనుకున్నాను. వాణ్ని రక్షించాలనుకున్నాను. ఇరవయ్యేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట ఇది.

నాన్న పెద్దల దగ్గరికి తీసుకెళ్లాడు. వచ్చే ఆదివారం కూటం చివర్లో వాణ్ని నిలబెట్టి అడిగారు. ‘‘అబద్ధం ఆడితే ఒప్పుకుంటాను, దొంగతనం చేస్తే ఒప్పుకుంటాను. ఇది నేను చేసింది కాదు, నేను ఇలాగే ఉన్నాను’’ అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. సహవాసం నుంచి తీసేస్తున్నట్టు చెప్పారు. అంటే ఇక ఎవరూ వాడికి వందనాలు చెప్పకూడదు, వాడితో కలిసి భోంచేయకూడదు. ఇంట్లోవాళ్లకీ అదే నియమం.

మేం తిన్నాక అమ్మ వంటింట్లో వాడికి ఒక్కడికీ పెట్టేది. పెట్టి, గుమ్మం ఇవతల నిలబడేది. పదకొండు రోజులు అలా జరిగింది. పన్నెండో రోజు సాయంత్రం వాడు నాంపల్లి స్టేషన్లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్లిపోయాడు. స్టేషన్ మేం కూటానికి వెళ్లే హాలుకి నడిచివెళ్లేంత దూరం. ఎవరం వెళ్లలేదు.

* * *

నాన్న 2014లో పోయాడు. తమ్ముడు వచ్చాడు, సమాధుల తోటలో దూరంగా నిలబడ్డాడు, రాత్రి బండికి వెళ్లిపోయాడు. అప్పుడనిపించింది నాకు, అసలు ఆ పుస్తకంలో ఏముందని? నాలుగు పేజీలు చూసి ఒక మనిషి జీవితాన్ని తీర్పుకి అప్పగించాను. మిగతా పేజీలైనా చదవొద్దా?

పెద్దల చేతికి వెళ్లిన ఆ కాపీ తిరిగి రాలేదు. కొత్తది కొట్లో అడగడానికి సిగ్గు. చివరికి నేనూ తమ్ముడి దారే పట్టాను. కూటం అయ్యాక తలనొప్పి అనో, స్నేహితురాలి ఇల్లనో చెప్పి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికేదాన్ని. నలభై దగ్గరపడుతున్న బ్యాంకు ఉద్యోగిని, చెంగు తలమీంచి తీసి భుజాన వేసుకుని, ఎవరైనా చూస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ! ‘‘మారిస్ ఉందా?’’ అంటే ఓ ముసలాయన ‘‘ఏ క్లాస్‌దమ్మా?’’ అన్నాడు.

మారిస్ దొరకలేదుగానీ అదే రచయిత ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ దొరికింది. ఎవరో ఎం.ఏ. విద్యార్థి వాడింది, నిండా ఎర్రగీతలు. నేను ఆదివారం కొన్న మొదటి వస్తువు అదే. మొదట్లోనే అంకితం దగ్గర ఓ పేరుంది, సయ్యద్ రాస్ మసూద్ అని. ఎవరా అని వెతికితే ఆశ్చర్యపోయాను. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. 1916 నుంచి 1928 దాకా మన నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పాటుకు పాటుపడినవాళ్లలో ఒకడు.

కుర్రాడుగా మసూద్ ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు, 1906లో, ఫోర్‌స్టర్ అతనికి లాటిన్ పాఠాలు చెప్పాడు. చెబుతూ చెబుతూ శిష్యుణ్ని ప్రేమించాడు. ఆ మాట చెప్పాడు కూడా. మసూద్‌కి అలాంటి ప్రేమ లేదు. కానీ మొహం తిప్పుకోలేదు, ఛీ అనలేదు, స్నేహం తెంచుకోలేదు. 1921లో ఫోర్‌స్టర్ హైదరాబాద్ వచ్చి ఈ మిత్రుడి దగ్గరే ఉన్నాడు. 1924లో నవల అచ్చయినప్పుడు అతనికే అంకితమిచ్చాడు. మసూద్ 1937లో పోయేదాకా ఆ స్నేహం నిలిచింది. మా ఇంట్లో నలుగురం కలిసి చేయలేకపోయిన పని, వందేళ్ల కిందట ఈ ఊళ్లో ఉన్న ఓ మనిషి ఒక్కడే చేశాడు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. పదకొండేళ్లలో నేను చేసిన మొదటి ఫోన్. క్షమించమని అడగాలనుకుని, నోరు పెగలక, ‘‘ఒరేయ్, ఆ రచయిత మన ఊరొచ్చాడట తెలుసా?’’ అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, ‘‘తెలుసక్కా. నీకు చెబుదామనే అనుకున్నా, అప్పట్లో’’ అన్నాడు. మూడోరోజు కొరియర్‌లో ‘మారిస్’ వచ్చింది.

ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. ఫోర్‌స్టర్ దీన్ని 1913-14లోనే రాశాడు. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రేమ నేరం. చట్టం 1967లో మారినా ఆయన అచ్చు వేయించలేదు. 1970లో ఆయన పోయాక, 1971లో వచ్చింది. కథలో క్లైవ్ అనే కుర్రాడు చిన్నప్పటి నుంచీ ఎంతో భక్తిపరుడు. తన మనసు తెలిశాక తనకు నరకమే గతి అని వణికిపోతాడు. చివరికి చర్చికి దూరమవుతాడు. క్రిస్మస్ నాడు ప్రభువు బల్లలో పాలు తీసుకోనంటే తల్లికీ అతనికీ గొడవ. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. పేర్లు తెల్లవాళ్లవి, ఇల్లు మాది.

క్లైవ్ తర్వాత లోకంతో రాజీపడి పెళ్లి చేసుకుంటాడు. మారిస్ రాజీపడడు. ఎస్టేటులో పనిచేసే అలెక్ అనే యువకుడితో, ఉన్నదంతా వదిలేసి వెళ్లిపోతాడు. ఇద్దరూ బతికే ఉంటారు, కలిసే ఉంటారు. కథ సుఖంగానే ముగియాలని రచయిత పట్టుబట్టాడు. ఒకరు చచ్చిపోతేనో జైలుకెళితేనో ఆ రోజుల్లో ప్రచురించడం తేలికయ్యేదని ఆయనకు తెలుసు. అయినా మార్చలేదు.

సుఖాంతం అంటే సినిమా ముగింపులే అని నేను చిన్నచూపు చూసేదాన్ని. తమ్ముడు ఒక్కమాటతో ఆ చిన్నచూపు పోగొట్టాడు. ‘‘అక్కా, నాలాంటివాడు ముప్ఫై ఏళ్లు వచ్చాక కూడా బతికి ఉంటాడని నాకు ఎవరూ చెప్పలేదు. కూటంలో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు. పదిహేను రూపాయల పుస్తకం చెప్పింది.’’

* * *

తర్వాత వాడు చెప్పినవీ, నేను వెతుక్కున్నవీ ఇంకొన్ని చదివాను. జేమ్స్ బాల్డ్విన్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత న్యూయార్క్ హార్లెంలో, మతబోధకుడైన సవతి తండ్రి ఇంట్లో పెరిగాడు. పద్నాలుగేళ్లకే ప్రసంగాలు చేశాడు, పదిహేడేళ్లకు చర్చి వదిలాడు. 1953లో ఆ చర్చి మీద నవల రాశాడు, 1956లో ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద ‘జియోవానీస్ రూమ్’ రాశాడు. ఇంగ్లండ్‌లో జానెట్ వింటర్సన్‌ని పెంచుకున్న తల్లిదండ్రులు పెంతెకొస్తు విశ్వాసులు. ఇంకో అమ్మాయిని ప్రేమించి పదహారేళ్లకే ఇల్లు విడిచింది. 1985లో వచ్చిన ఆమె మొదటి నవలలో ఎనిమిది అధ్యాయాలు. వాటి పేర్లేమిటో తెలుసా? ఆదికాండం, నిర్గమకాండం, లేవీయకాండం... అలా రూతు దాకా, బైబిల్‌లోని మొదటి ఎనిమిది పుస్తకాల పేర్లే!

నా కళ్లు తెరిపించింది ఇదే. మతం విడిచిన ప్రేమకథలంటే దేవుణ్ని తిట్టే కథలనుకున్నాను. కాదు. వెళ్లిపోయినవాళ్లకి ఇంటిభాష పోదు. ఇప్పటికీ తమ్ముడు వంట చేస్తూ సంఘం పాటలే కూనిరాగం తీస్తాడు. అన్నం ముందు రెండు క్షణాలు కళ్లు మూసుకుంటాడు. వాడు దేవుణ్ని వదిలాడని మేం ఊరంతా చెప్పుకున్నాం. అసలు జరిగింది, మేం వాణ్ని పంక్తిలోంచి లేపేయడం.

తప్పిపోయిన కుమారుడి కథ మా హాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ మనసులో ఆ చిన్నకొడుకు స్థానంలో తమ్ముణ్ని పెట్టుకునేదాన్ని. కానీ వాడు ఎవరి ఆస్తీ తగలెయ్యలేదు. నెలనెలా అమ్మకి మందులకి డబ్బు పంపుతున్నాడు. ఆ కథలో ఇంకో మనిషి ఉన్నాడు, లోపల విందు జరుగుతుంటే అలిగి బయట నిలబడ్డ పెద్దకొడుకు. మా ఇంట్లో ఆ పెద్దబిడ్డని నేనే.

అమ్మ సంగతి వేరు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే 377 సెక్షన్ కింద నేరం కాదంది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే అంటే, 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్లీ ఐదేళ్లకు ఇది. మర్నాడు పేపర్ అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, ‘‘అయితే ఇంక వాణ్ని పోలీసులు పట్టుకోరా?’’ అంది. పద్నాలుగేళ్లుగా అమ్మ భయపడింది నరకానికని నేననుకున్నాను. పోలీసులకట!

అన్నీ సర్దుకోలేదు. ఇలాంటి జంటల పెళ్లికి చట్టం గుర్తింపు కావాలని సుప్రీంకోర్టుకెళ్లినవాళ్లలో మన హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్ ఉన్నారు. 2023 అక్టోబర్ 17న కోర్టు అది తన చేతిలో లేదంది. తమ్ముడికి ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సి వస్తే పదేళ్లుగా తోడున్న మనిషి చాలడేమో, మద్రాసుకి నేనే పరుగెత్తాలేమోనని బెంగ.

నిరుడు డిసెంబర్లో వాడొచ్చాడు, ఆ తోడున్న మనిషితో. అతను తమిళుడు, స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆదివారం కూటం అయ్యాక అమ్మా నేనూ ఎప్పటిలాగే నాంపల్లి నుంచి అబిడ్స్‌కి నడిచాం. డెబ్భై దాటిన అమ్మ మూడుచోట్ల ఆగింది. పుస్తకాల గుట్టల దగ్గర వాళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. అతను వంగి అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోతే, మాలో అలవాటు లేదు కాబట్టి అమ్మ కంగారుగా వెనక్కి జరిగి, చేయి పట్టుకుని లేపింది. ఇప్పటికీ అతన్ని ఏ వరసతోనూ పిలవదు. ‘ఆ అబ్బాయి’ అంటుంది.

పక్కనే ఓ టిఫిన్ హోటల్‌కి వెళ్లాం. నలుగురం ఒకే టేబుల్. నేను అమ్మ మొహమే చూస్తున్నాను. ఆదివారం డబ్బిచ్చి తిండి కొనడం ఒక తప్పు, వెలివేసినవాడితో కలిసి తినడం ఇంకోటి. అమ్మ కళ్లు మూసుకుని ఎప్పుడూ చేసేదానికంటే కాస్త ఎక్కువసేపే ప్రార్థన చేసింది.

కళ్లు తెరిచాక తన ఇడ్లీ ఒకటి తీసి తమ్ముడి ప్లేట్లో వేసింది.

‘‘చల్లారిపోతుంది, తిను’’ అంది. అతని వైపు తిరిగి, ‘‘నువ్వు కూడా’’ అంది.

బిల్లు తనే ఇస్తానని పర్సు తీసింది.