నాలుగు నిమిషముల పందెము

“నిదానమే ప్రధాన”మని పెద్దలు చెప్పుదురు. “ఆలస్యాదమృతం విష”మనియు వారే చెప్పుదురు. ఈ రెండింటిలో దేని ననుసరింపవలెనని విద్యార్థులు మమ్ము పలుమారు అడిగియున్నారు. మా పాఠశాలయందు జరిగిన యొక పందెము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినది గావున దానినిగూర్చి యీ సంచికలో నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా క్రోసూరు ప్రత్తియు మిరపయు పండు నేల. ఇచ్చటి పిల్లలలో పెక్కుమంది యిండ్ల సెల్‌ఫోను కలదు గాని కంప్యూటరు లేదు. బడిలో దొరకినదే వారికి కంప్యూటరు. అట్టి బడిలో పది పాత యంత్రములు గోడప్రక్కన ధూళి కప్పుకొని పడియుండెను. విండోస్ 7 నకు మైక్రోసాఫ్టువారి సంరక్షణ 2020 జనవరి 14వ తేదీతోను, విండోస్ 10 నకు సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతోను ముగిసెను. విండోస్ 11 నకు 4 గిగాబైట్ల మెమరీయు, 64 గిగాబైట్ల చోటును, టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనమును కావలయును. మా యంత్రముల మెమరీ 2 గిగాబైట్లు మాత్రమే. “నెలాఖరులోగా వీనిని పనికి తెండు, లేనియెడల పాతసామానుల వర్తకునకు ఇచ్చివేయుద”మని ప్రధానోపాధ్యాయులు సెలవిచ్చిరి.

1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమందు విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్సు అను యువకుడు లినక్సను కర్నెలును లోకమునకు వెల్లడించెను. దానిపై నిర్మింపబడిన ఆపరేటింగ్ సిస్టములు అనేకములు. వానిలో ఆల్పైను అనునది మిక్కిలి చిన్నది. హార్డ్‌డిస్కుపై దాని కనీసపు స్థాపనకు సుమారు 130 మెగాబైట్ల చోటు చాలునని దాని నిర్మాతలు చెప్పుచున్నారు. విండోస్ 11 కోరు చోటులో ఇది యించుమించు ఐదువందలవ వంతు. మేము దీనిని పెన్‌డ్రైవులలో నెక్కించి, తొమ్మిదవ తరగతి పిల్లలను జట్లుగా విభజించి, పందెము పెట్టితిమి. పెన్‌డ్రైవు పెట్టినది మొదలు, దానిని తీసివేసి యంత్రమును మరల ప్రారంభింపగా తెరపై “లాగిన్” అను పదము కనబడువరకు ఎంత కాలము పట్టునో అదియే లెక్క.

త్వరపడుటకు వేడుక యొక్కటే కారణము కాదు. కరెంటు ఎప్పుడు పోవునో యెరుగరాదు, మా యు.పి.ఎస్. బ్యాటరీలు ముసలివి. డిస్కును విభజించి దానిపై వ్రాయుచుండగా దీపమారెనా, పని మొదటికి వచ్చును.

మొదటి శనివారమున మిగుల వేగముగా ముగించిన జట్టునకు 31 నిమిషములు పట్టెను. “యంత్రములు ముసలివి, అందుచేత ఆలస్య”మని పిల్లలందరు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. మేమపుడు కాలమును రెండు వరుసలుగా వ్రాయించితిమి: యంత్రము పని చేసిన కాలమొకటి, పిల్లలు నిలిచిపోయిన కాలమొకటి. చూడగా యంత్రము పని చేసినది నాలుగు నిమిషములకు మించలేదు. తక్కినదంతయు ప్రశ్నలయెదుట గడచినది. కీబోర్డు ఏది? యంత్రమునకు పేరేమి? పాస్‌వర్డేమి? ఏ దేశకాలము? మన కాలమండలమునకు ఆ జాబితాలో కలకత్తా పేరు గలదని యెరుగక, ఒక జట్టువారు హైదరాబాదు కొరకును విజయవాడ కొరకును వెదకి వేసారిరి. ఏ డిస్కుపై వ్రాయవలెనను ప్రశ్న మరియు కఠినము. హార్డ్‌డిస్కేదో పెన్‌డ్రైవేదో గుర్తింపక బదులిచ్చిన యెడల ఉన్నది చెరిగిపోవును. ఈ యొక్కచోట మాత్రము తొందరపడిన జట్టును పందెమునుండి తొలగింతుమని నియమము చేసితిమి.

రెండవ శనివారమునకు పిల్లలు నోటుపుస్తకములతో వచ్చిరి. ప్రతి ప్రశ్నయు, దాని యర్థమును, తమ జవాబును అందు వ్రాసికొనిరి. కాలము 9 నిమిషములకు దిగెను. మూడవ వారము ఒక బాలిక, ఆ జవాబులలో పెక్కింటిని ముందుగనే యొక ఫైలులో వ్రాసియుంచిన యంత్రము వానిని అడుగుట మాని తానే చదువుకొని సాగిపోవునని తెలిసికొనెను. ఆమె జట్టు 4 నిమిషముల 10 సెకండ్లలో ముగించెను. శిక్షణకళాశాలలో మేము ప్రతి పాఠమునకును ముందురాత్రి పాఠ్యప్రణాళిక వ్రాయుచు విసుగుకొనెడివారము. ఆ శ్రమ యెందులకో ఆ బాలిక ఫైలును చూచినపుడు మాకు మరింత తేటపడెను.

పందెము ముగిసిన పిమ్మట తెరపై నల్లని నేలమీద తెల్లని యింగ్లీషు అక్షరములు తప్ప మరేమియు లేవు. గెలిచిన పిల్లల ముఖములే చిన్నబోయినవి. ఒక బాలుడు, “మాస్టరుగారూ, ఇది మన భాష నెరుగదా?” అని యడిగెను. మాటలేని యా తెర అక్షరమునకొక గడి చొప్పున చూపును. మన లిపి గడులలో నిముడునది కాదు. యూనికోడునందు తెలుగునకు 1991లోనే స్థానము లభించినది గాని, మా యూరి పేరులోని “క్రో” అను నొక్క యక్షరమే అందు 4 సంకేతముల కూర్పు: కకారము, పొల్లు, రేఫము, ఓత్వము. వీనిని కలిపి ఒక్క రూపముగా దిద్దు సాధనమును కనీసపు స్థాపనము విడిచిపెట్టినది. వేగము ఆ విడుచుటవలననే వచ్చినది.

అప్పుడు గడియారమును ప్రక్కనబెట్టితిమి. మా సెల్‌ఫోనునుండి ఇంటర్నెట్టు నిచ్చి, పిల్లలచేతనే తెరకు కిటికీలను, ఇన్‌స్క్రిప్టు కీబోర్డును, తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు నిర్మించిన “పోతన 2000” అక్షరములను ఒక్కొక్కటిగా చేర్పించితిమి. ఆ సాయంకాలమంతయు పట్టెను. ఎవరును కాలమడుగలేదు. “క్రోసూరు” అని తెలుగున తెరపై నిలిచినపుడు పిల్లలు చేసిన కేక ప్రధానోపాధ్యాయుల గదివరకు వినబడెను. వారు వచ్చి చూచి, వర్తకుని మాట మరల నెత్తలేదు. పదింటిలో మూడు లేవలేదు. వాని భాగములు తక్కిన యేడింటికి ఉపకరించినవి. మా గోడపత్రిక నేడు ఆ యేడింటిపైననే సిద్ధమగుచున్నది.

విద్యార్థులారా! సిద్ధపడుటయందు నిదానము, చేయుటయందు వేగము వహింపుడు. వేగము కొరకు కొన్నిటిని విడుచుట తప్పు కాదు. కాని యేమి విడిచితిమో యెరిగియుండవలెను. ఎరిగినవాడే కావలసినదానిని తన చేతితో మరల తెచ్చుకొనగలడు. మన యూరి బిడ్డలకు కావలసినవానిలో మన భాష మొదటిదని మా విశ్వాసము.