అమెరికా వెళ్తున్నారా? దినచర్యను కూడా మూట కట్టుకోండి!

"మా అబ్బాయి చికాగో వచ్చేయమంటున్నాడు డాక్టరుగారూ! నాకు అరవై రెండేళ్లు. షుగరు ఉంది. అక్కడి చలికి తట్టుకోగలనా?"

ఇటువంటి ఉత్తరాలు ఈ మధ్య మదనపల్లె నుంచీ, పుంగనూరు నుంచీ, కుప్పం నుంచీ కూడా వస్తున్నాయి. చలి సంగతి చెప్పడం తేలిక. మంచి కోటూ, ఉన్ని మేజోళ్లూ, జారని బూట్లూ కొనుక్కుంటే చలి మిమ్మల్ని ఏమీ చెయ్యదు. కాని కోటు కప్పుకుంటే తీరని బాధ మరొకటుంది. దాన్ని గురించి ఇన్నాళ్లూ నేను రాయలేదు. ఎందుకంటే ఆ విషయంలో నేనే పొరపాటు చేశాను. ముప్పయ్యేళ్లు మదనపల్లెలో వైద్యం చేసినవాణ్ణి, నా ఇంట్లో ఉన్న జబ్బును పోల్చుకోలేకపోయాను! మీకు పనికి వస్తుందని ఇవాళ చెబుతున్నాను. మా ఆవిడను అడిగే రాస్తున్నాను సుమండీ!

2018 అక్టోబరులో మేమిద్దరం మా అబ్బాయి దగ్గర ఉండడానికి చికాగో వెళ్లాం. మా ఆవిడ పుట్టిల్లు పుంగనూరు. మదనపల్లెలో ఆమె రోజు ఎలా గడిచేదో చెబుతాను వినండి. అయిదింటికి లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వేసేది. పాలు తెచ్చేది. గుడికి నడిచి వెళ్లేది. వస్తూ వస్తూ కూరగాయలు బేరం చేసేది. దారిలో కనీసం పదిమందితో మాట్లాడేది. మధ్యాహ్నం రాగి సంగటి, శనక్కాయల చట్నీ. సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఇరుగు పొరుగుతో కబుర్లు. ఆమె వ్యాయామం చేస్తున్నానని ఎన్నడూ అనుకోలేదు. ఎండ కాచుకుంటున్నానని అనుకోలేదు. అయినా రోజూ నడక జరిగేది, ఎండ తగిలేది, మాట కలిసేది. ఆమెకు పన్నెండేళ్లుగా షుగరు ఉన్నా అదుపులో ఉండేదంటే, నా మందుల కంటె ఆ వాకిలిదే ఎక్కువ గొప్ప అని నాకు తర్వాత తెలిసింది.

చికాగోలో మా అబ్బాయి కాపురం పధ్నాలుగో అంతస్తు. వాకిలి లేదు, ముగ్గు లేదు. ఏడున్నరకల్లా కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవరాలు బడికి. తలుపు వేసుకుంటే సాయంత్రం దాకా పలకరించేవాళ్లు లేరు. లిఫ్టులో ఎదురైనవాళ్లు చిరునవ్వు నవ్వి వెళ్లిపోతారు. మంచివాళ్లే, కాని ఆ నవ్వుతో కడుపు నిండదు.

మొదటి నెల బాగానే ఉంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కు తిప్పుతారు. ఇక చూడండి, డిసెంబరుకల్లా సాయంత్రం నాలుగు ఇరవైకే పొద్దు గూకుతుంది. మన మదనపల్లెలో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా పదకొండు గంటలకు పైగా ఉంటుంది. చికాగోలో అది తొమ్మిది గంటలే. అందులోనూ మబ్బు.

మా ఆవిడ పగలు నిద్రపోవడం మొదలుపెట్టింది. రాత్రి మేలుకొని కూర్చునేది. డెవాన్ వీధిలోని మన దేశపు అంగళ్లలో రాగిపిండి దొరుకుతుంది. తెచ్చి ఇచ్చాను. "ఎవరికోసం చేసేది?" అని పక్కన పెట్టేసింది. బిస్కెట్లూ, రొట్టె ముక్కలూ తింటూ ఉండేది. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగింది. పరగడుపున షుగరు 190కి ఎక్కింది.

నేనేం చేశానంటారా? డాక్టర్నయ్యీ కోప్పడ్డాను! "నోరు కట్టుకో" అన్నాను. మందు మోతాదు పెంచాను. మా అబ్బాయి, "అమ్మకు ఊరి మీద బెంగగా ఉందేమో నాయనా!" అంటే, "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలేరా" అన్నాను. నేను షుగరు అంకె చూశాను గాని మనిషిని చూడలేదు.

జనవరిలో ఒక రాత్రి కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఏమే, పడుకోవా?" అన్నాను. "పడుకుంటే తెల్లారుతుంది గదా! తెల్లారకపోయినా బాగుండు" అంది. ఈ మాట మదనపల్లెలో మరొకరి భార్య అని ఉంటే, ఆ భర్తను కూర్చోబెట్టి అరగంట చీవాట్లు పెట్టి ఉండేవాణ్ణి. అప్పుడు గాని నాకు కళ్లు తెరిపిడి పడలేదు.

మర్నాడు దగ్గరలోని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాం. చిన్న వయసు ఆవిడ. నేనే మాటలు తర్జుమా చేస్తానన్నాను. ఆమె మర్యాదగానే, "మీరు బయట కూర్చోండి" అంది. ఫోనులో తెలుగు దుబాసీని పిలిపించింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రులు భాష రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలని అక్కడి చట్టం. ఆ తెలుగు గొంతు అడిగినవి సాదా ప్రశ్నలే. గత రెండు వారాలుగా ఏ పని మీదా మనసు పోవడం లేదా? దిగులుగా, నిరాశగా ఉంటోందా? చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా? ముక్కూ మొగమూ తెలియని ఆ గొంతుకు మా ఆవిడ అన్నీ చెప్పింది. నాకు మూడు నెలలుగా చెప్పనివన్నీ చెప్పింది!

అందుచేత నా మొదటి సలహా ఇది. మీ ఇంటివాళ్లకు మీరు దుబాసీ కాకండి. భర్త ముందు భార్య, కొడుకు ముందు తల్లి కొన్ని మాటలు చెప్పరు. చెప్పినా మనం వాటిని మెత్తబరచి డాక్టరుకు వినిపిస్తాం. "తెలుగు దుబాసీ కావాలి" అని అడగండి. అది మీ హక్కు.

పరీక్షల్లో బి-12, డి విటమిన్లు రెండూ తక్కువ ఉన్నాయని తేలింది. థైరాయిడు బాగానే ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి-12 తగ్గవచ్చు. మాంసం ముట్టనివారిలో మరీను. ఇక ఎండ మాట. చికాగో అంత ఉత్తరాన నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ ఎండలో నిలబడినా చర్మం డి విటమిను తయారు చెయ్యలేదు. నల్లని చర్మానికి మామూలు రోజుల్లోనే ఎక్కువసేపు ఎండ కావాలి. మా ఆవిడ కిటికీ అద్దం వెనక ఎండలో కూర్చునేది. అద్దం గుండా వచ్చే ఎండ వెచ్చగా ఉంటుందే గాని డి విటమినుకు పనికిరాదు. పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు, డెబ్భై దాటినవారికి 800 యూనిట్లు కావాలి. అక్కడి పాలలో సాధారణంగా డి విటమిను కలుపుతారు. రక్తపరీక్షలో తక్కువ ఉంటే డాక్టరు చెప్పినంతే వాడండి. మంచిదని ఎక్కువ మింగితే మూత్రపిండాలకు చేటు.

అసలు జబ్బు మాత్రం దిగులు జబ్బు. పగలు కురచబడినప్పుడు వచ్చే ఈ శీతాకాలపు దిగులును 1984లో నార్మన్ రోజెంతాల్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ వివరించారు. అతి నిద్ర, తీపి మీదికీ పిండిపదార్థాల మీదికీ యావ, బరువు పెరగడం దీని గుర్తులు. నేను తిండిపోతుతనం అనుకున్నది జబ్బు లక్షణం! డాక్టరు మాత్రలు రాసింది. ఇవి పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తగ్గిందని మీ అంతట మీరు మానెయ్యకూడదు. పది వేల లక్సుల వెలుగునిచ్చే దీపం ఒకటి కొనమంది. రోజూ పొద్దున ఇరవై, ముప్పయి నిమిషాలు దాని ఎదుట కూర్చోవాలి, దాని వంక తేరిపార చూడకూడదు. కంటి జబ్బులున్నవారూ, మితిమీరిన హుషారూ దిగులూ మారి మారి వచ్చే జబ్బున్నవారూ ముందుగా డాక్టరును అడగాలి.

మందులు డాక్టరు ఇచ్చింది. మరి మిగతా రోజంతా ఏం చెయ్యాలి? అప్పుడు నాకు మన ఆరోగ్యవరం గుర్తుకొచ్చింది. మదనపల్లె పక్కన 1915లో క్షయరోగుల కోసం వెలసిన శానటోరియం అది. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకూ శానటోరియాల్లో వైద్యం అంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, వేళ తప్పని దినచర్య, బలం వచ్చిన కొద్దీ కొంచెం కొంచెంగా పెంచే నడక. అక్కడ ఉండి వచ్చిన ఒక ముసలాయన నా దగ్గర వైద్యానికి వచ్చేవాడు. "గంట కొడితే లేయాల, గంట కొడితే తినాల. ఆ గంటే నన్ను మనిషిని చేసింది సామీ!" అనేవాడు. క్షయను నయం చేసేది మందే, గంట కాదు. 1950లలో మద్రాసులో జరిగిన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని తేల్చింది. అయినా ముసలాయన మాటలో నిజం ఉంది. ఊరు విడిచిన మనిషికి రోజును నిలబెట్టే గంట ఒకటి కావాలి. మన ఊళ్లో ఆ గంటలు మనకు తెలియకుండానే మోగుతుంటాయి. పాలవాడు ఒక గంట, గుడి ఒక గంట, పక్కింటావిడ ఒక గంట. అమెరికాలో వాటిని మనమే కట్టుకోవాలి.

మేం కట్టుకున్న గంటలు ఇవి. పొద్దున ఏడున్నరకు దీపం. కుప్పంలో మా మరదలు ఉంది. చలికాలంలో చికాగోలో ఉదయం ఏడున్నర అయితే కుప్పంలో అదే రోజు రాత్రి ఏడు. ఆ వేళకే ఆమె ఫోను.

"అక్కా, దీపం ముందర కూసుంటివా?"

"కూసుంటినే!"

వెనకాల రైలు కూత వినిపించేది. తెల్లవారి బెంగుళూరు పనులకు వెళ్లినవాళ్లు దిగే వేళ. "ఈళ్లు దినమూ ఊరు మారతా ఉండారు అక్కా, నువ్వు ఒకసారి మారితివి, అంతే గదా!" అనేది ఆమె. ఏ పుస్తకంలోనూ లేని ఆ మాట మా ఆవిడకు బాగా పట్టింది.

పదకొండింటికి నడక. మొదటి వారం పది నిమిషాలు, తర్వాత పదిహేను, తర్వాత అరగంట. మంచు గడ్డకట్టిన రోజు షాపింగు సెంటరు లోపలే నడిచేవాళ్లం. ఒంటిగంటకు సంగటి, ఆకుకూర. ఇద్దరికీ చాలినంత చిన్న ముద్దలు. మూడింటికి పబ్లిక్ లైబ్రరీ. అక్కడ డబ్బు అడగరు, వెచ్చగా ఉంటుంది, నలుగురు మనుషులు కనిపిస్తారు. పగటి నిద్ర అరగంటకు మించకూడదు. రాత్రి పదింటికి పడక.

ఒక్కసారిగా ఏమీ మారలేదు. ఫిబ్రవరి చివర ఒకరోజు ఆ దుబాసీ మాట వచ్చింది. "ఆ అమ్మాయిది గోదావరి యాస. 'అలాగేనండి, అలాగేనండి' అంటుంటే నాకు నవ్వొచ్చింది" అని మా ఆవిడ నవ్వింది. మూడు నెలల తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది. మార్చిలో ఒంటరిగా బస్సెక్కి డెవాన్ వీధికి వెళ్లి పచ్చి శనక్కాయలు తెచ్చింది. మే నాటికి పరగడుపు షుగరు 120కి దిగింది.

ఇక ప్రయాణం కాబోయేవారికి నాలుగు మాటలు.

మన పుంగనూరు ఆవును చూశారు గదా! పొట్టి ఒళ్లు, కాస్త మేతతోనే బతుకుతుంది. మన ఒళ్లూ కొంచెం అటువంటిదే అనుకోండి. తెల్లవారి కంటె తక్కువ బరువుకే మనకు షుగరు వస్తుంది. అందుకే అక్కడి వైద్యులు ఆసియావారికి శరీర బరువు సూచిక 23 దాటితేనే షుగరు పరీక్ష చెయ్యమంటారు. అంటే అయిదడుగుల రెండంగుళాల మనిషికి సుమారు 57 కిలోలు. సూచిక 23 దాటినవారు, "నేనేం లావుగా లేనే!" అని ఊరుకోకండి.

మందుల చీటీ మీద కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించుకోండి. మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మన గ్లైబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. ఇది తెలియక మన మాత్ర ఒకటి, అక్కడి జలుబు మందు ఒకటి కలిపి వేసుకుంటే ఒకే మందు రెండింతలవుతుంది. పారాసెటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. మందులూ, ఇన్సులినూ విమానంలో చేతిసంచీలోనే ఉంచుకోండి. విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. గుండెజబ్బున్నవారు అక్కడ మంచు పారవెయ్యడానికి పూనుకోవద్దు.

ప్రాణం మీదికి వస్తే అక్కడ 911కు ఫోను చెయ్యాలి. చచ్చిపోవాలన్న తలపు వస్తే 988కు. మన దేశంలో దిగులు బాధితుల కోసం 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416. "చావు మాట అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమో" అని భయపడకండి. అడిగితే ఆ తలపు పుట్టదు. అడగకపోతేనే ప్రమాదం.

ఉత్తరం రాసిన అమ్మగారికి నా జవాబు: తప్పకుండా వెళ్లండి. చలికి భయపడకండి. కాని టిక్కెట్టు కొనేముందే మీ అబ్బాయితో కూర్చుని, అక్కడ మీ రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో కాగితం మీద రాయండి. ఆ కాగితంలో నడక, వెలుగు, మాట మూడూ ఉన్నాయో లేవో చూసుకోండి.

ఇప్పటికే మీ పెద్దవాళ్లు అమెరికాలో ఉన్నారా? అయితే ఇవాళ ఫోను చేసినప్పుడు "ఏం తిన్నావు?" అని మాత్రమే అడక్కండి. "ఇవాళ ఎక్కడికి వెళ్లావు? ఎవరితో మాట్లాడావు?" అని అడగండి. రెండింటికీ జవాబు రాకపోతే, నాలాగా మూడు నెలలు ఆగవద్దు.