పూచీ

న్యాయము ధనవంతునకును దరిద్రునకును ఒక్కటియే యని మేము ఇరువదేండ్లుగా బడిలో పిల్లలకు చెప్పుచున్నాము. ఆ మాట ఎంతవఱకు నిజమో ఒకనాడు మా ఇంటి గడపయొద్దనే మాకు తెలిసివచ్చినది. ఆ సంగతి చెప్పుకొనుట మాకు గౌరవము కాదు. దాచుకొనుట అంతకంటె అగౌరవము గనుక చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఇది ఎనిమిదేండ్ల క్రిందటి మాట. మదనపల్లె టమోటా మండీలో పెట్టెలు మోయు కూలివాని భార్య ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చెను. వారిది కుప్పము దగ్గఱి పల్లె. వారి కుమారుడు అప్పుడు మాయొద్ద ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఆమె మగనిపై దొంగతనపు నేరము మోపి చెఱసాలలో నుంచిరి. బెయిలు మంజూరైనది గాని, ఇద్దఱు స్థానికులు ఆస్తి చూపి పూచీ యుండవలెనట. “అయ్యవారూ, ఒకరు దొరికినారు. మీ ఇంటిపన్ను రసీదు పెట్టి ఒక్క సంతకం చేస్తే మనిషి ఇంటికొస్తాడు” అని ఆమె చేతులు జోడించెను.

మేము కాదనలేదు; “ఆలోచించి చెప్పెదము” అంటిమి. కాదనుటకు మర్యాదస్థులు వాడుకొను మాట అదియే కదా! నిప్పు లేనిదే పొగ రాదని మనసులో ననుకొంటిమి. పోలీసు, కోర్టు, సంతకము అను మూడు మాటలకు మావంటి గృహస్థులు వెఱచినట్లు మఱి దేనికిని వెఱవరు.

ఆమె వెళ్లిన పిమ్మట మా ఇంటియామె ఇట్లు అడిగినది: “మృచ్ఛకటికము చదివి చెప్పునప్పుడెల్ల చారుదత్తుని కోసము కన్నీరు పెట్టుకొందురే! బీదవాడు గనుకనే నగలకోసము హత్య చేసియుండునని సభవారు నమ్మినారని మీరే కదా అంటిరి? ఇతడు నాటకములోని వాడు కాడనియా మీ కింత ఆలోచన?” మేము బదులు చెప్పలేకపోతిమి. అయినను సంతకము చేయలేదు.

అతనికి పూచీ యుండు చుట్టములు లేకపోలేదు. బావమఱది కృష్ణగిరి వైపు వాడు. పెదతండ్రి కుమారుడు కోలారు వైపు వాడు. కుప్పము సీమలో కొన్ని మైళ్లు నడచినచో రాష్ట్రము మాఱును, భాష మాఱును, చుట్టఱికము మాత్రము మాఱదు. కాని వారి ఆస్తి పరరాష్ట్రములో నున్నదని వారి పూచీని త్రోసివేసిరి. అతడు నలువదియేడు దినములు లోపలనే యుండెను. రెండేండ్లకు సాక్ష్యము లేదని కేసు కొట్టివేయబడెను. అంతలో కుమారుడు బడి మాని తండ్రికి బదులు పెట్టెలు మోయసాగెను. హాజరుపట్టీలో ఆ పిల్లవాని పేరు కొట్టివేసినది మా చేయియే.

ఆ నలువదియేడు దినముల శిక్ష ఏ నేరమునకు? దొంగతనమునకు కాదు, అది రుజువే కాలేదు. ఇంటిపన్ను రసీదుగల స్నేహితుడు లేకపోవుటయే అతని నేరము.

సిగ్గుచేత మేము చట్టము చదువ మొదలిడితిమి. 1978లోనే మోతీరామ్ అను తాపీపనివాని వ్యాజ్యములో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు వచ్చియుండెను. అతనిని పదివేల రూపాయల పూచీ యడిగిరి. అతని సోదరుని ఆస్తి వేఱొక జిల్లాలో నున్నదని ఆ పూచీని నిరాకరించిరి. అది తగదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పిరి. మఱుసటి యేడు హుస్సైనారా ఖాతూన్ వ్యాజ్యములో, తమపై మోపిన నేరమునకు గల గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలము విచారణ లేకయే బీహారు చెఱసాలలలో మ్రగ్గినవారి గతి వెల్లడియై, సత్వరవిచారణ జీవించుహక్కులో భాగమని ఆ న్యాయస్థానమే నిర్ణయించెను. అయినను 2022వ సంవత్సరాంతమున దేశములోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు నేరము రుజువు కానివారు!

2023 జనవరిలో సుప్రీంకోర్టు మఱల కలుగజేసికొన్నది. బెయిలు వచ్చిన వారము దినములలో ఖైదీ విడుదల కానిచో చెఱసాల యధికారి జిల్లా న్యాయసేవాసంస్థకు తెలుపవలెను. నెలలోపల పూచీ యీయలేకపోయినచో న్యాయస్థానము తనంతట తానే షరతులను సడలించు విషయము పరిశీలింపవచ్చును. స్థానికుడే పూచీ యుండవలెనను షరతు అట్టిచోట పెట్టకుండుట మేలని కూడ సూచించినది. ఇది మా సీమవారికి ఎంత యుపకారమో చెప్పనక్కఱలేదు. కాని తీర్పు గ్రంథములో నుండగా బీదవాడు గదిలో నుండును. ఆ రెంటి నడుమ దూరము నడచు మనుష్యుడు కావలెను.

అట్లు నడచినవారు మన తెలుగునాటనే యున్నారు. వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయములో గణితము చెప్పిన బాలగోపాల్ గారు పిమ్మట న్యాయవాదియై, 2009లో మరణించువఱకు నోరులేనివారి పక్షమున వాదించిరి. ఉపాధ్యాయుడు నల్లకోటు తొడుగగలిగినప్పుడు మఱియొక ఉపాధ్యాయుడు రసీదు తీసికొని కోర్టుకు పోలేడా?

ఇప్పుడు మేమును మా ఇంటియామెయు ఆదివారములందు పుంగనూరు, కుప్పము పోయి తెలిసినవారి ఇండ్లలో కూర్చుండి ఈ సంగతులు చెప్పుచున్నాము. మొన్న కుప్పములో ఒక వృద్ధురాలు “వాడు పారిపోతే మీ గతేం కాను నాయనా?” అని యడిగెను. న్యాయమైన ప్రశ్నయే. పూచీ పడిన సొమ్ము కట్టవలసి రావచ్చును. మేము ఇంతవఱకు ఇద్దఱికి పూచీ యుంటిమి. వారిలో ఒకడు ఒక వాయిదాకు రాలేదు. మాకు నోటీసు వచ్చిన రాత్రి నిద్రపట్టలేదు. అతడు జ్వరముతో పడియుండెనట. తరువాతి వాయిదాకు తానే వచ్చెను. ఆ ఒక్కరాత్రి నిద్రలేమిని, ఆనాడు మా గడపనుండి మరలిపోయిన ఇల్లాలి నలువదియేడు రాత్రులతో తూచి చూచుకొంటిమి.

చదువరులారా, చట్టము మాఱవలెనని కోరుడు, వ్రాయుడు, అడుగుడు. అది మాఱులోపల మీ గడపయొద్దకు ఎవరైన వచ్చి చేతులు జోడించినచో, ఆ మనుష్యుని సంగతి విచారింపుడు, నష్టమెంతయో లెక్క చూచుకొనుడు. కాని మావలె “ఆలోచించి చెప్పెదము” అని మాత్రము పంపివేయకుడు.